కరకట్టకో గండి, నా పిక్కకో గండి

మా ఫౌజు కాలమ్, అంటే మా దళం, దివిసీమలో దిగింది సాయంత్రం నాలుగింటికి. వాన అప్పుడే తెరిపిచ్చింది. ఉయ్యూరు దారిలో నీళ్ళున్నాయని గుడివాడ మీదుగా చుట్టూ తిప్పి తెచ్చారు. మూడు ట్రక్కులు, రెండు బోట్లు, ఒక డోజరు. పామర్రు దాటాక రోడ్డుకి రెండు పక్కలా చేలు కనిపించలేదు, నీళ్ళే. మొలలోతు మునిగిన కరెంటు స్తంభాలు వరసగా నిలబడి మాకు వందనం చేస్తున్నట్టున్నాయి. మేమూ తిరిగి చేశాం. ఫౌజులో వందనం బాకీ ఉంచకూడదు.

మాది ఇంజినీర్ల రెజిమెంట్. యుద్ధమొస్తే వంతెనలు కడతాం, అవతలివాడివి కూలుస్తాం. యుద్ధం లేనప్పుడు వరదలకి పంపుతారు. నా ర్యాంకు నాయక్, నా పని బోటు నడపటం. కాలమ్ మొత్తంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పైగా ఆ పక్కనే బందరు దగ్గర గిలకలదిండిలో పుట్టినవాణ్ణి. అప్పటిదాకా సర్వీసంతా మంచులోనూ ఇసకలోనూ గడిచింది. సొంత నీళ్ళలోకి పంపటం అదే మొదటిసారి. ట్రక్కు దిగేటప్పుడే ఛాతీ రెండంగుళాలు పెరిగింది, చొక్కా గుండీ తెగింది. నమ్మకపోతే నష్టం లేదు.

బస ఒక హైస్కూల్లో. ఊరి పేరు చెప్పను. ఆ ఊరివాళ్ళు ఇది చదివి, సగం అబద్ధమని బందరు దాకా వచ్చి తగువేసుకుంటారు. కింది గదుల్లో నీళ్ళు, మేడ మీద మేము. ఏడో తరగతి గదిలో ఒక కొర్రమీను కాపురముండేది. పొద్దున్నే మా హాజరు పిలిచేటప్పుడు అదీ వచ్చి మెట్ల దగ్గర మొప్పలాడించి పోయేది. దోమల సంగతి చెప్పాలంటే, మా బోటు ఇంజను ఆపేశాక కూడా బోటు కాస్త ముందుకి వెళ్ళేది. వాటి రెక్కల గాలి అనుకుంటాను.

కెప్టెన్ సాబ్ నల్లబల్ల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీశాడు. నది ఒకటి, కరకట్ట ఒకటి. కట్ట గీతని మధ్యలో వేలితో చెరిపాడు.

"ఇది గండి. ముందు మనుషుల్ని బయటికి తెద్దాం. తర్వాత దీన్ని పూడుద్దాం. పైనుంచి మళ్ళీ నీళ్ళు వదిలేలోపు పూడాలి. లేకపోతే ఈ ఊళ్ళు రెండోసారి మునుగుతాయి."

ఆర్డరు అంతే.

నాకు దెబ్బ తగిలింది మూడో రోజు పొద్దున. ఒక మేడ మీద చిక్కుకున్న కుటుంబాన్ని దించి తీసుకొస్తుంటే బోటు ఫ్యాన్‌కి ఎవరిదో చేపల వల చుట్టుకుంది. ఇంజను ఆగింది. కత్తి నోట కరుచుకుని నీళ్ళలోకి దిగాను. నీళ్ళ కింద కూలిన షెడ్డు ఉందని నాకేం తెలుసు. దాని రేకు అంచు నా కుడి పిక్కని అరటిదూటని చీల్చినట్టు చీల్చింది. నొప్పి తెలియలేదు. నీళ్ళు ఎర్రబడితే ఎవరికో దెబ్బ తగిలిందనుకుని చుట్టూ చూశాను.

ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అడిగినవాళ్ళకి ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళని బట్టి చెప్పాను. మంగినపూడి బీచ్‌లో జంతికలమ్మే ఆవిడకి సొరచేప కరిచిందని చెప్పాను. మా వియ్యంకుడికి తూటా అన్నాను. ఇవాళ మీకు నిజం చెబుతున్నాను, చాలామటుకు.

మా నర్సింగ్ అసిస్టెంట్ కేరళవాడు. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. నన్ను స్కూలు బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, సీసాలకి సీసాలు ఉప్పునీళ్ళు గాయంలో గుమ్మరించి కడిగాడు. బురద తీశాడు, తుప్పు తీశాడు. అంచుల్లో చచ్చిన కండని కత్తెరతో కత్తిరించాడు. ధనుర్వాతం రాకుండా ఒక సూది, క్రిముల మందు ఒక సూది.

"ఇక కుట్టెయ్," అన్నాను.

"కుట్టను. లోపలికి వరదనీళ్ళు పోయాయి. పైన కుట్టేస్తే లోపల క్రిములు తలుపేసుకుని దసరా చేసుకుంటాయి. తెరిచి ఉంచుతాను. అడుగునుంచి అదే పూడుకొస్తుంది."

"ఎవరు పూడుస్తారు?"

"నీ లోపలివాళ్ళు. నీకంటే క్రమశిక్షణ ఉన్నవాళ్ళు."

తర్వాత రోజూ కట్టు మారుస్తూ అతను చెప్పింది నా మాటల్లో చెబుతాను. దెబ్బ తగలగానే ఒళ్ళు ముందు గేటు మూస్తుంది. తెగిన రక్తనాళాలు బిగుసుకుంటాయి. రక్తంలో తిరిగే చిన్న చిన్న కణాలు పరుగెత్తుకొచ్చి ఒకదాన్నొకటి పట్టుకుని ఇసకబస్తాల్లా అడ్డం పడతాయి. రక్తం గడ్డకట్టటమంటే అదే. ఆ తర్వాత చుట్టుపక్కల నాళాలు వెడల్పవుతాయి, సైన్యం రావటానికి రోడ్లు వెడల్పు చేసినట్టు. అందుకే వాపు, ఎరుపు, వేడి. ఆ రోడ్ల మీద తెల్లకణాలు దిగి కనిపించిన ప్రతి క్రిమినీ మింగేస్తాయి. వాటి వెనకాల వచ్చే పెద్ద కణాలు చెత్త ఊడ్చి, మేస్త్రీలకి కబురు పెడతాయి. మేస్త్రీలొచ్చి దారాలు అల్లుతారు. కొత్త నాళాలు మొలుస్తాయి. చివర్న అంచుల నుంచి చర్మం పాక్కుంటూ వచ్చి పైన కప్పేస్తుంది.

మర్నాటికి పిక్క సొరకాయంత అయింది, కాలిపోతోంది. నర్సింగ్ అసిస్టెంట్ బాల్‌పెన్ను తీసి ఎర్రదనం చుట్టూ గీత గీశాడు.

"ఇది సరిహద్దు. ఎరుపు దీన్ని దాటితే నన్ను లేపు."

నేను సరిహద్దుల్లో చాలా కాపలా కాశాను గానీ సొంత పిక్క మీద కాయటం అదే మొదలు. ఎరుపు ఒక పక్క వేలెడంత దాటింది. మందు మార్చాడు. జ్వరం రెండు రోజులు ఉండి పోయింది. ఎరుపు గీత లోపలికి వెనక్కి తగ్గింది. మొదటి గెలుపు మాదే.

అక్కణ్ణుంచి పందెం మొదలైంది. మనుషుల్ని తరలించటం అయిపోయి గండి పని మొదలయింది. గండి ముందు పూడుతుందా, నా పిక్క ముందు పూడుతుందా అని బారక్ రెండు జట్లయింది. ఓడిన జట్టు గెలిచిన జట్టు బూట్లు పాలిష్ చెయ్యాలి. వైర్‌లెస్ ఆపరేటర్ బీహారువాడు, రోజూ పొద్దున సెట్టు మీద రెండు బోట్లకీ, గండి దగ్గరవాళ్ళకీ బులెటిన్ చదివేవాడు.

"బేస్ నుంచి అందరికీ. గండి రెండు అంచులకీ ఇనపతీగ అల్లిన రాళ్ళ బుట్టలు పడ్డాయి. పిక్క యథాతథం. ఓవర్."

"గండి నుంచి బేస్‌కి. పిక్కకి రాళ్ళ బుట్టలు కావాలా? ఓవర్."

అలా నవ్వుకుంటున్నాం. అప్పుడు దిగింది, నా దెబ్బ కబురు విని, మా మేనత్త.

మా అత్త గిలకలదిండి హార్బర్‌లో చేపల వ్యాపారం చేస్తుంది. వేలంపాటలో ఆవిడ గొంతు లేస్తే సముద్రంలో బోట్లు ఒడ్డుకే వస్తున్నామా అని చూసుకుంటాయి. బందరు నుంచి బస్సు, బస్సు ఆగిన చోటు నుంచి ట్రాక్టరు, ట్రాక్టరు ఆగిన చోటు నుంచి మా బోటే పట్టుకుని, చేతిలో నాలుగు గిన్నెల క్యారియరుతో మేడ మెట్లెక్కింది. సెంట్రీ ఆపబోయాడు. అతనికి ఆవిడ ఏం చెప్పిందో తెలియదు. పక్కకి జరిగి నిలబడ్డాడు.

"ఏరా, తాచుపాములున్న నీళ్ళలో పుట్టినోడివి, రేకు కోసుకోవటమేమిట్రా? నవ్విపోతారు."

"తాచైతే కనిపించేదత్తా."

ఆవిడ కట్టు చూసింది, నా మొహం చూసింది, ఆర్డర్లు జారీ చేసింది. పప్పు ముట్టకూడదు, చీము పడుతుంది. వంకాయ, గోంగూర అసలే కూడదు. గుడ్డు, మాంసం, చేప పేరెత్తకూడదు. పుండు ఆరేదాకా చారన్నం, కారప్పొడి. తానే రోజు విడిచి రోజు తెస్తుంది. మధ్య రోజుకీ సరిపడా తెస్తుంది.

కెప్టెన్ సాబ్ ఆర్డరు తప్పితే కోర్ట్ మార్షలుంది, అందులో వాదించుకోవటానికి ఒకరిని ఇస్తారు. అత్త ఆర్డరు తప్పితే అదీ లేదు. లంగరులో, అంటే మా ఫౌజు వంటశాలలో, నాకు పెట్టే పప్పూ గుడ్లూ హర్యానా డోజర్ ఆపరేటర్ కంచంలోకి పోయేవి. వాడు డోజరు సీట్లో పట్టటం మానేశాడు.

పది రోజులు గడిచాయి. గండిలో మెత్తని బురదంతా తోడి గట్టి రేవడి మట్టి తగిలేదాకా దిగారు. సుబేదార్ సాబ్ పదే పదే చెప్పే మాట ఒకటే: "అడుగు శుభ్రం చెయ్యకుండా పైన మట్టి పోస్తే కిందనుంచి ఊట పెడుతుంది." రాళ్ళు పడుతున్నాయి, బంకమట్టి పడుతోంది, కట్ట లేస్తోంది. నా పిక్క మాత్రం తవ్వి వదిలేసిన గొయ్యిలా ఉంది. క్రిమి లేదు, చీము లేదు, అయినా కండ లేవటం లేదు. లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి, చెమ్మ చెమ్మగా ఉంది.

"గండి సగం పూడింది. పిక్క యథాతథం. ఓవర్," అన్నాడు వైర్‌లెస్. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

కెప్టెన్ సాబ్ వచ్చి చూశాడు. "ఆదివారం ట్రక్కు సికింద్రాబాదు వెళ్తుంది. అప్పటికి కండ రాకపోతే నువ్వు దాంట్లో ఉంటావు. ఆసుపత్రిలో తొడ చర్మం తీసి అక్కడ అతుకుతారు. ఇంతకంటే నేను ఆగలేను."

ఆదివారానికి ఆరు రోజులే ఉంది. గండి మూతపడేది సోమవారమో మంగళవారమో. చివరి పూట చుట్టుపక్కల ఊళ్ళ ట్రాక్టర్లన్నీ ఒకేసారి రావాలి, ఒక్క మాట మీద నడవాలి. ఆ మాట తెలుగులో చెప్పగలిగింది నేనొక్కణ్ణే. అది పైకి చెప్పుకునే కారణం. అసలుది వేరే. ఎక్కడెక్కడి నదుల మీదో వంతెనలు కట్టి వచ్చాను. నా కృష్ణ మీద పని జరిగే పూట నేను సికింద్రాబాదులో మంచం మీద బోర్లా పడుకుని ఉండటమా?

నర్సింగ్ అసిస్టెంట్ నా మంచం పక్కన చాలాసేపు కూర్చున్నాడు. షుగరు చూశాడు, లేదు. బీడీ తాగుతావా అన్నాడు, తాగను. అంతలో లంగరు వంటవాడు అటు వెళ్తూ, "సాబ్, ఇతను పప్పు తినడు. ఆంధ్రావాళ్ళకి మన పప్పు నచ్చదు," అని ఫిర్యాదు చేశాడు.

నర్సింగ్ అసిస్టెంట్ తల నెమ్మదిగా నా వైపు తిరిగింది. "ఏం తింటున్నావు?"

చెప్పాను. అతను లేచి కిటికీ దాకా నడిచి, వెనక్కొచ్చి, "మీ అత్త మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అత్త గిన్నెలు విప్పుతుంటే వచ్చి ఎదురుగా బాసింపట్లు వేసుకుని కూర్చున్నాడు.

"ఆవిడని అడుగు. ఇన్ని రోజులుగా ఈ చారు ఒక్కటే ఎందుకు పెడుతున్నారని."

"ఏమంటున్నాడ్రా డాక్టరుబాబు?"

"నీ చారు వాసన మెట్ల దాకా వస్తోందంటున్నాడత్తా."

"రాక చస్తుందా. ఇంగువ ఎంత వేశాననుకున్నాడు."

నర్సింగ్ అసిస్టెంట్ నాకేసి చూశాడు. "నువ్వు సరిగ్గా చెప్పలేదు. నేనడిగినదానికి ఆవిడ మురిసిపోవక్కర్లేదు."

ఇక బుద్ధిగా తర్జుమా చేశాను.

"పుండున్నోడికి పప్పు పెడితే చీము పడుతుందయ్యా. మా అమ్మ చెప్పింది. ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది."

"చీమంటే క్రిములతో పోరాడి చచ్చిన మన సిపాయిలమ్మా. పప్పులోంచి రాదు."

"అన్నం దగ్గర చావుల మాటలేమిట్రా, ఆపమను."

అతను కిటికీలోంచి గండి చూపించాడు. "అక్కడ కట్ట లేస్తోందంటే మట్టి ట్రాక్టర్లొస్తున్నాయి కాబట్టి. రేపటి నుంచి ట్రాక్టర్లాపేసి చారు పోస్తే లేస్తుందా? కండకి మట్టి అంటే పప్పు, గుడ్డు, చేప. లోపల మేస్త్రీలున్నారు, పనిముట్లున్నాయి. సామాను లేదు. పది రోజులుగా ఖాళీగా కూర్చున్నారు."

"కట్ట వేరు, ఒళ్ళు వేరు," అంది అత్త. వేలంపాటలో ధర దిగనప్పుడు పెట్టే మొహం పెట్టింది.

అతను కిటికీ వైపు నుంచి చారుగిన్నె వైపు తిరిగాడు. తర్వాత మామూలుగా అడిగాడు. "మీ ఊళ్ళో ఎవరైనా పురుడు పోసుకుంటే ఆ తల్లికి ఏం పెడతారమ్మా?"

"ఆ మాత్రం తెలియదా. పాలసొర చేప. ఉడకబెట్టి, తోలు తీసి, పొడిగా చిదిపి, వెల్లుల్లి దండిగా వేసి పిట్టు చేసి పెడతాం."

"ఎందుకు?"

"పాలు పడటానికి. నడుం గట్టిపడటానికి. లోపల పచ్చిపుండు ఆర..."

అత్త అక్కడ ఆగిపోయింది. తర్జుమా చేద్దామని నోరు తెరిచి నేనూ ఆగిపోయాను. నర్సింగ్ అసిస్టెంట్‌కి తెలుగు రాదు, అయినా అర్థమైనట్టే కూర్చున్నాడు.

చేతిలో గరిటె గిన్నెలో పెట్టేసింది ఆవిడ. నా కాలు చూసింది. "అయితే వీణ్ణి బాలింత కింద కట్టమంటాడా?" అంది.

చెప్పాను. అతను గంభీరంగా తలూపాడు.

"మా అమ్మకి ఇది ఎవరూ చెప్పలేదు," అంది అత్త. చారుగిన్నె మూత పెట్టేసింది.

ఆ సాయంత్రమే లంగరు పప్పు రెండు కంచాలు తిన్నాను, గుడ్లు నాలుగు తిన్నాను. డోజర్ ఆపరేటర్ దూరంగా నిలబడి, ఉద్యోగం పోయినవాడిలా చూశాడు. మర్నాడు ఉదయం పదకొండింటికి అత్త దిగింది. క్యారియరులో నాలుగు గిన్నెలూ సొరపిట్టే. మూత తీస్తే ఆ వాసనకి కింద ఏడో తరగతి కొర్రమీను గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. అందుకే జంతికలావిడకి నేను చెప్పినదాన్లో సగం నిజముందంటాను. మధ్యలో సొరచేప ఉన్నమాట వాస్తవం. కరిచింది మాత్రం నేను.

ఇది బాలింతల కూర అని నేనే బారక్‌లో నోరుజారాను. ఇంకేముంది.

"ఆడపిల్లా, మగపిల్లాడా?" అన్నాడు డోజర్ ఆపరేటర్.

"బేస్ నుంచి అందరికీ. తల్లి క్షేమం. ఓవర్."

సుబేదార్ సాబ్ అంతటివాడు వచ్చి, తలకి గుడ్డ కట్టుకోమని, చెవుల్లో గాలి పోతుందని సలహా ఇచ్చి పోయాడు. వాళ్ళ ఊళ్ళోనూ అలాగే కడతారట.

గురువారం కట్టు విప్పి నర్సింగ్ అసిస్టెంట్ గాయం దగ్గరికి వంగాడు. టార్చి తెమ్మన్నాడు. గొయ్యి అడుగున ఒక మూల నాలుగైదు ఎర్రటి చుక్కలు. శుక్రవారానికి అవి దానిమ్మ గింజల్లా పరుచుకున్నాయి. "ఒక్కో గింజలో ఒక కొత్త రక్తనాళం," అన్నాడు. దూదితో తాకితే చటుక్కున రక్తం చిమ్మింది. అన్నేళ్ళ సర్వీసులో నా రక్తం చూసి నేను సంతోషించింది ఆ ఒక్కసారే. శనివారానికి గొయ్యి సగానికి వచ్చింది, అంచులు రెండూ దగ్గరికి లాక్కోవటం మొదలుపెట్టాయి. చర్మం అంచు నుంచి ముత్యం రంగులో సన్నని పొర బయల్దేరింది.

"పిక్క ముందంజ. గండి జట్టు బూట్ పాలిష్ కొనుక్కోవలెను. ఓవర్."

ఆదివారం పొద్దున ట్రక్కు ఇంజను మోగుతుండగా కెప్టెన్ సాబ్ వచ్చాడు. చూశాడు. వంగి మళ్ళీ చూశాడు. "ఇదేం మందు?" అన్నాడు.

"మేనత్త, సాబ్," అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్.

ట్రక్కు నేను లేకుండానే వెళ్ళింది.

మంగళవారం గండి మూత. నన్ను నడవనివ్వలేదు. ఇద్దరు మోసుకెళ్ళి కట్ట మీద స్కూలు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చోబెట్టి, కాలు ఇంకో కుర్చీ మీద ఎత్తిపెట్టి, చేతికి మైకు ఇచ్చారు. మహారాజులా ఉన్నానని చెప్పను. మహారాజులకి అంత మంది ట్రాక్టర్ డ్రైవర్లు ఎక్కడ దొరుకుతారు. మిగిలిన గండి ఇంటి వాకిలంత. వాకిలి ఇరుకయ్యేకొద్దీ నీటి జోరు పెరిగింది. వేసిన బస్తా వేసినట్టే కొట్టుకుపోతోంది.

"ఎడమ పక్క బండ్లు ఆగండి. కుడి పక్క మూడు రండి. మావయ్యా, ఆ నీలం ట్రాక్టరు, మీకే చెప్తున్నా, వెనక్కి చూసుకోండి. పొయ్యండి."

మూడు ట్రక్కుల రాళ్ళ బుట్టలు ఒకేసారి దొర్లించారు. నీళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తోశాయి. నా గొంతు పోయింది. అప్పుడు నా పక్కనుంచి ఇంకో గొంతు లేచింది, వేలంపాట గొంతు. అత్త మైకు లాక్కోలేదు, ఆవిడకి అక్కర్లేదు. నేను గుసగుసగా చెప్పింది ఆవిడ కేకేసింది. ట్రాక్టర్లు ఆవిడ మాట మీద కదిలాయి. బుట్టలు, బస్తాలు, మట్టి. మళ్ళీ బుట్టలు, బస్తాలు, మట్టి. సాయంత్రం నాలుగున్నరకి కట్ట ఇవతలి పక్క నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. తర్వాత అవతలి చివర ఎవరో ఈల వేశారు. ఆ తర్వాత లేచిన అరుపుకి బందరు లైట్‌హౌసు పది నిమిషాలు వంగి ఉందని మా హార్బర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పింది నేనే.

పిక్క పూర్తిగా మూతపడటానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది. లెక్క ప్రకారం గండి జట్టే గెలిచింది. అయినా వాళ్ళే వచ్చి మా బూట్లు పాలిష్ చేశారు. కొత్త చర్మం ఉల్లిపొరలా పల్చగా, గులాబి రంగులో ఉండేది, ఒకటే దురద. "లోపల దారాలు ఇప్పుడే తోచినట్టు అల్లారు. ఏడాది పాటు విప్పి, మళ్ళీ సరిగ్గా అల్లుతారు. ఎంత అల్లినా పాతదానంత బలం రాదు, నీ పనికి సరిపోతుంది," అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. సరిపోయింది. ఆ పిక్కతోనే మరో ఏడేళ్ళు సర్వీసు చేసి పెన్షన్ మీద ఇంటికొచ్చాను.

మేము తిరిగి బయల్దేరింది ఒక పొద్దున ఏడింటికి. సామాను ఎక్కించారు. కట్ట మీద ట్రక్కు కోసం ఎదురుచూస్తూ నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను. పూడ్చిన చోట మట్టి ఇంకా పచ్చిగా, మిగతా కట్టకంటే ఎర్రగా ఉంది. అవతలి వైపు నుంచి ఒక గేదె వచ్చింది, దాని వెనక మంద. కొత్త మట్టి మొదలయ్యే చోట ఆగింది. వంగి వాసన చూసింది. ముందుకాలు ఒకటి పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టింది. ఈసారి ఒంటి బరువంతా దాని మీద వేసింది. కాలు దిగబడలేదు. మా వైపు చూడనైనా చూడకుండా దాటి అవతలి గడ్డిలోకి వెళ్ళిపోయింది. దాని వెనకే మందంతా, ఒక్కొక్కటీ, నెమ్మదిగా.